బరంపురం పార్లర్లలో గోళ్ల పని: ఏది తగును, ఏది దండగ

బరంపురంలో గాంధీనగర్ వైపు కానీ, బడాబజార్ సందుల్లో కానీ, ఏ బ్యూటీ పార్లర్ రేటు కార్డు తీసినా గోళ్ల దగ్గర ఇంచుమించు ఈ నాలుగే ఉంటాయి: మామూలు మానిక్యూర్, స్పా మానిక్యూర్, జెల్ పాలిష్, ఎక్స్‌టెన్షన్ (అంటే పొడుగు గోళ్లు కట్టడం). మొదటిదానికీ చివరిదానికీ రేటులో చాలా తేడా. మెరుపు చూసి ఎంచుకుంటే చివరిదే బాగుంటుంది. కానీ ఇక్కడి చేతులు చేసే పనులు చూడాలి కదా. పప్పూ పులుసూ చేత్తో కలుపుకు తింటాం. గోపాలపురం సముద్రం పక్కనే ఉంది, ఆ ఉక్కకి వేళ్లు ఎప్పుడూ చెమ్మగానే ఉంటాయి. పండక్కో పెళ్లికో బరంపురం పట్టు కడితే గోరు అంచు ఒక్క పోగును కూడా లాగకూడదు. పసుపు, చెమ్మ, పట్టు, ఈ మూడు పరీక్షలూ పెట్టి చూస్తే కార్డు మీది వరుస తలకిందులవుతుంది.

పార్లర్ల పేర్లు రాయడం లేదు. ఒకే చోట ఒక అమ్మాయి చేయి బంగారం, పక్క కుర్చీ దగ్గర ఉన్నమ్మాయి ఇంకా నేర్చుకుంటూ ఉంటుంది. బోర్డు కన్నా పని చేసే పద్ధతి చూసుకోవడమే మేలు.

మామూలు మానిక్యూర్: 5కి 4, నీళ్లు లేకుండా చేస్తే

నాలుగింటిలో డబ్బుకు తగ్గది ఇదే. కాకపోతే ఒక్క సవరణ: వేళ్లు నీళ్లలో నానబెట్టొద్దని ముందే చెప్పాలి. గోరు రాయిలా కనిపిస్తుంది గానీ, కెరటిన్ పొరలు ఒకదాని మీద ఒకటి అతుక్కుని ఉన్న పలక అది. నీళ్లు పీల్చుకుంటుంది, పీల్చుకున్నప్పుడు ఉబ్బి కొంచెం సాగుతుంది. గిన్నెలో సబ్బునీళ్లలో వేళ్లు ముంచి, తుడిచి, వెంటనే రంగు వేస్తే ఆ రంగు ఉబ్బిన గోరు మీద ఆరుతుంది. తర్వాత గోరు ఆరి మామూలు కొలతకు వస్తుంది, రంగు పొర మాత్రం రాదు. రెండో రోజుకే కొసల్లో పెచ్చు లేస్తే కారణం చాలాసార్లు ఇదే. పాపం, నింద మాత్రం పాలిష్ సీసా మీద పడుతుంది.

సరైన వరుస ఇలా ఉండాలి. పాత రంగు తీసేశాక, గోరు పొడిగా ఉండగానే ఫైల్ పట్టాలి. తడి గోరును ఫైల్ చేస్తే పొరలు విడిపోతాయి. 180 లేదా 240 గ్రిట్ (గ్రిట్ అంటే గరుకు కొలత, అంకె పెరిగితే గరుకు తగ్గుతుంది) ఫైల్ సొంత గోరుకు సరిపోతుంది. 100 గ్రిట్ అన్నది అక్రిలిక్ కోసం, దాన్ని సొంత గోరు మీద పెట్టనివ్వొద్దు. పక్క నుంచి మధ్యకు, ఒకే దిక్కున నడపాలి. రంపంలా ముందుకూ వెనక్కూ లాగితే అంచులో కంటికి కనపడని చీలికలు పడతాయి. తర్వాత క్యూటికల్ (గోటి మొదట్లోని పల్చటి తోలు) దగ్గర చుక్క నూనె గానీ క్రీము గానీ రాసి, రెండు నిమిషాలు ఆగి, చెక్కపుల్లతో మెల్లగా వెనక్కి తోయాలి. ఆపైన మర్దన. మర్దన నూనె గోరు మీద మిగిలితే రంగు పట్టదు కాబట్టి, రంగుకు ముందు ప్రతి గోరునూ రిమూవర్ తడిపిన దూదితో ఒకసారి తుడవాలి. తొందరలో ఎగరగొట్టేది ఈ మెట్టునే. కళ్లు దానిమీదే పెట్టండి.

రంగు: ఒక బేస్ కోటు, రెండు పల్చటి కోట్లు, ఒక టాప్ కోటు. ప్రతి కోటుకూ చివర బ్రష్‌ను గోటి కొస అంచు మీద అడ్డంగా ఒకసారి లాగాలి, అంటే అంచుకు మూత వేసినట్టు. ఈ ఒక్క పనితో రంగు మరో రెండు మూడు రోజులు నిలుస్తుంది. సీసాను గిలక్కొట్టే చేతిని ఆపండి. గాలి బుడగలు లోపలికి పోయి గోటి మీద పొక్కుల్లా తేలతాయి. రెండు అరచేతుల మధ్య సీసాను దొర్లిస్తే చాలు. ఎదురుగా ఫ్యాను జోరుగా పెట్టడమూ తప్పే. పైన పొర గట్టిపడుతుంది, లోపలి ద్రావకం బయటికి రాలేక బుడగ కడుతుంది. పదిహేను నిమిషాలకు చేతికి అంటకుండా ఆరినట్టుంటుంది గానీ పూర్తిగా గట్టిపడటానికి గంటలు పడుతుంది. సాయంత్రం వేయించుకుని తొందరగా పడుకుంటే తెల్లారేసరికి దుప్పటి నేత గోళ్ల మీద అచ్చుపడి ఉంటుంది.

ఎండాకాలంలో చిక్కబడ్డ సీసాలో రిమూవర్ పోసి పల్చన చేసే అలవాటు చాలాచోట్ల ఉంది. అలా చేసిన రంగు సరిగా నిలవదు, మెరుపూ తగ్గుతుంది. నెయిల్ పాలిష్ థిన్నర్ అని విడిగా దొరుకుతుంది, రెండు మూడు చుక్కలు చాలు.

క్యూటికల్ కత్తిరింపు గురించి గట్టిగానే చెప్పాలి. కుర్చీలో కూర్చోగానే చిన్న కటింగ్ ప్లయర్ లాంటి నిప్పర్ తీసి గోటి మొదట్లోని తోలంతా గుండ్రంగా కొరికేస్తే చేయి నీటుగా కనిపిస్తుంది, నిజమే. కానీ ఆ తోలు గోటికీ వేలికీ మధ్య ఉన్న సీలు. అది తెగితే అంట్లు తోమిన నీళ్లు, చేపల నీళ్లు, మట్టి, అన్నీ లోపలికి. మూడో రోజుకు మూల ఎర్రబడి, ఉబ్బి, సలుపు మొదలవుతుంది. గోరుచుట్టు అంటే అదే. దానిమీద రోకటిపోటు ఎలాగూ ఉంటుంది, ఇంటిపని ఆగదు కదా! "తోలు కత్తిరించొద్దమ్మా, వెనక్కి తోస్తే చాలు" అని మొదటే చెప్పండి. మిమ్మల్ని అక్కా అన్నా అపా అన్నా, ఆ అమ్మాయికి తెలుగో ఒడియానో తప్పక వస్తుంది, రెండూ కలిపి మాట్లాడినా ఇక్కడ ఎవరూ వింతగా చూడరు. గోరు పక్కన ముల్లులా లేచిన తోలు ముక్కనొక్కదాన్ని మాత్రం మొదలంటా కత్తిరించవచ్చు. పళ్లతో లాగితే కింది మంచి తోలు కూడా చీరుకుంటూ వస్తుంది.

పట్టు పరీక్ష: ఫైలింగ్ అయ్యాక లేవకుండా, చున్నీ కొంగును గానీ పాత నైలాన్ గుడ్డను గానీ గోటి అంచు మీదుగా మెల్లగా లాగండి. ఎక్కడ పట్టుకుందో అక్కడ 240 గ్రిట్ ఇంకోసారి. పట్టుచీర మీదే ఈ పరీక్ష పెట్టే ధైర్యం మాత్రం చేయకండి. అడ్డపోగు ఒకటి లేచిందంటే ఇస్త్రీతో సర్దుకోదు.

స్పా మానిక్యూర్

పైదానికే స్క్రబ్బు, ప్యాకు, సువాసన చేర్చి రేటు పెంచిన సరుకు. అరచేతులు మెత్తబడతాయి, మనసు కుదుటపడుతుంది. గోటికి ఒరిగేది ఏమీ లేదు. పైగా ఇందులో నానబెట్టడం ఎక్కువ కాబట్టి, చేయించుకున్న రోజే రంగు వేయించుకోకపోవడం మంచిది. 5కి 2.

జెల్ పాలిష్: వేయడంలో కాదు, తీయడంలో ఉంది ఖర్చు

జెల్ అన్నది ఆరే రంగు కాదు, గట్టిపడే రంగు. మామూలు పాలిష్‌లో ద్రావకం ఎగిరిపోయి నైట్రోసెల్యులోజ్ పొర మిగులుతుంది. జెల్‌లో మెథాక్రిలేట్ అణువులు ల్యాంపు వెలుగు తగలగానే ఒకదానితో ఒకటి గొలుసుకట్టి ప్లాస్టిక్ అవుతాయి. అందుకే లేచి వెంటనే అంట్లు తోముకున్నా చెక్కుచెదరదు. చక్కగా వేస్తే రెండు నుంచి మూడు వారాలు నిలుస్తుంది. అంతకు మించి ఉంచినా అందం ఉండదు. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మూడు వారాలకు మొదట్లో ఖాళీ చందమామ బయటపడుతుంది.

వేసేటప్పుడు చూడాల్సింది రెండు. ఒకటి, రంగు గోటి చుట్టూ తోలు మీదికి పొర్లకూడదు. పొర్లితే ల్యాంపులో పెట్టక ముందే చెక్కపుల్లతో తుడవాలి. గట్టిపడని జెల్ తోలుకు పదేపదే తగిలితే అలర్జీ పుడుతుంది. వేలి కొసలు దురద, పగుళ్లు, నీటి పొక్కులు. ముఖ్యంగా హెమా అనే పదార్థంతో వచ్చేది. ఒకసారి పుడితే ఆ అలర్జీ జీవితాంతం పోదు, ఇదే కుటుంబపు రసాయనాలు వాడే పళ్ల ఫిల్లింగుల దగ్గర కూడా ఇబ్బంది పెట్టవచ్చు. ఇంట్లోనే వేసుకుందామని చవక కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ, ఎందుకంటే ఒక కంపెనీ జెల్, ఇంకో కంపెనీ ల్యాంపు. రెండూ కుదరక పైన గట్టిగా, లోపల పచ్చిగా ఉండిపోతుంది.

రెండు, ల్యాంపు. ఎల్‌ఈడీ అయితే ఒక్కో కోటుకు 30 నుంచి 60 సెకన్లు, పాత ట్యూబు ల్యాంపు అయితే రెండు నిమిషాల దాకా. సీసా మీద రాసిన సమయం కన్నా తగ్గించనివ్వకండి. వేలు చురుక్కుమంటే కోటు మందంగా పడిందని అర్థం. గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, మందం పెరిగితే వేడీ పెరుగుతుంది. ఓర్చుకుని కూర్చోవడం కాదు, చేయి బయటికి తీసి, చురుకు తగ్గాక మళ్లీ పెట్టాలి. ఆ వెలుగు అతినీలలోహితమే కాబట్టి ఇరవై నిమిషాల ముందు చేతివెనక సన్‌స్క్రీన్ రాసుకోవడమో, కొసలు కత్తిరించిన చేతి తొడుగు వేసుకోవడమో చేస్తే సరి. సన్‌స్క్రీన్ గోళ్లకు అంటితే జెల్ పట్టదు, తొడుగే నయం. ఇంకో మాట: జెల్‌ను గట్టిపరచడానికి వాడే టీపీఓ అనే పదార్థాన్ని యూరోపియన్ యూనియన్ సౌందర్య సాధనాల్లో 2025 సెప్టెంబర్ 1 నుంచి నిషేధించింది. మన దగ్గర సీసా మీద పదార్థాల పట్టీ చదివి 'టీపీఓ ఫ్రీ' అన్నది అడిగి తీసుకోవచ్చు.

ఇక పసుపు పరీక్ష. లేత గులాబీ, తెలుపు, ఒంటి రంగు జెల్ వేయించుకుని మరునాడు ముద్దపప్పో, ఒడియా వాళ్ల కూరగాయల పప్పు దాల్మానో చేత్తో తినండి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఈ మూడు గోళ్లూ కొస నుంచి పసుపెక్కుతాయి, ఎడమచేయి తెల్లగా వెక్కిరిస్తూ ఉంటుంది. పసుపులోని కర్క్యుమిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే నీళ్లతో ఎంత రుద్దినా పోదు. సబ్బు తగిలితే క్షారానికి ఎర్రబడి ఇంకా భయపెడుతుంది, నీళ్లతో బాగా కడిగితే మళ్లీ పసుపే. చేయాల్సిందేమిటంటే, తిన్న వెంటనే గోళ్లకు నాలుగు చుక్కల వంటనూనె రాసి, పొడి గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బు పెట్టడం. కొంచెం మిగిలితే చేయి కాసేపు ఎండలో ఉంచితే చాలు, కర్క్యుమిన్ వెలుతురుకు వెలిసిపోతుంది. ల్యాంపులో పైకోటు సరిగా గట్టిపడకపోతే మరక లోతుకు పోతుంది, అప్పుడు ఏ నూనే లాగదు. అంచేత, చేత్తో తినే ఇంట్లో ముదురు మెరూన్, ఇటుక ఎరుపు, గోధుమ రంగులకే 5కి 4 వేయగలం. లేత రంగులకు 2.

తీయడం దగ్గరికి వద్దాం. పార్లర్ మంచిదో కాదో ఇక్కడే తేలుతుంది. సరైన పద్ధతిలో ముందు పైకోటును మెరుపు పోయేదాకా ఫైల్‌తో గీకుతారు. గోటి చుట్టూ వాజిలీన్ రాసి, అసిటోన్‌లో తడిపిన దూదిముక్కను గోటి మీద పెట్టి, అల్యూమినియం రేకు చుట్టి, 10 నుంచి 15 నిమిషాలు ఆగుతారు. రేకు తీసేసరికి జెల్ పొట్టులా లేచి ఉంటుంది, చెక్కపుల్లతో తోస్తే జారిపోతుంది. జారకపోతే ఇంకో ఐదు నిమిషాలు రేకు చుట్టాలి, అంతేగాని ఇనుప పనిముట్టుతో గీకకూడదు. ఇదంతా అరగంట పని. చిన్న మోటారు డ్రిల్లు తీసి రెండు నిమిషాల్లో అరగదీస్తామంటే, గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చినట్టే. నేర్పున్న చేతిలో డ్రిల్లు తప్పేమీ కాదు గానీ, గోరు వేడెక్కిందంటే పలక అరిగిపోతోందని అర్థం, చేయి వెనక్కి లాక్కోండి. ఇంట్లో టీవీ చూస్తూ అంచు లేచిందని జెల్‌ను ఒలిచేయడం అన్నిటికన్నా చెడ్డది. దానితోపాటు గోటి పైపొరలు కూడా వస్తాయి, తెల్లటి గరుకు మచ్చలు మిగులుతాయి. వాటికి రాయడానికి మందు లేదు. గోరు మొదలు నుంచి కొసకు కొత్తగా పెరగడానికి సుమారు ఆరు నెలలు, అన్నాళ్లూ ఆగాల్సిందే.

బేరం ఆడేటప్పుడు వేసే రేటుతోపాటు తీసే రేటు కూడా అడగండి. కొన్నిచోట్ల విడిగా ఉంటుంది, కొన్నిచోట్ల తిరిగి వేయించుకుంటేనే ఉచితం.

ఎక్స్‌టెన్షన్, అతికించే గోళ్లు

అక్రిలిక్ పొడి, ద్రవం కలిపి కట్టే పొడుగు గోళ్లు ఫొటోకు అందం. ఉక్కపోతకూ ఇంటిపనికీ సరిపడవు. పొడుగు గోరు మీటలా పనిచేస్తుంది, డబ్బా మూత తీయబోయి కొస తగిలితే ఆ బలమంతా సొంత గోటి మొదట్లో పడుతుంది, గోరు కండ నుంచి విడిపోతుంది. అంచు ఒకచోట లేచినా లోపల చెమ్మ నిలిచి ఆకుపచ్చ మచ్చ కడుతుంది. అది సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పని. మచ్చ కనబడుతుందని పైన ఇంకో కోటు వేయించుకోవడం కాదు, తీసేసి ఆరనివ్వాలి. ద్రవం వాసన ముక్కు పగిలేలా ఉండి, గోరు రాయిలా గట్టిగా ఉండి, అసిటోన్‌కు కూడా లొంగకపోతే అందులో చవకరకం ఎంఎంఏ (మిథైల్ మెథాక్రిలేట్) ఉందేమోనని అనుమానించాలి. అమెరికాలో అచ్చంగా దీనితోనే చేసిన గోళ్ల సరుకును 1970ల్లోనే మార్కెట్ నుంచి తప్పించారు. మంచి సరుకులో ఈఎంఏ (ఇథైల్ మెథాక్రిలేట్) ఉంటుంది.

ఒక్కరోజు పెళ్లికైతే బడాబజార్‌లో పెట్టెలో అమ్మే అతికించే గోళ్లు, జిగురు స్టిక్కర్లతో పెట్టుకునేవి, చాలు. స్టిక్కరు కాక గమ్ము వాడితే ఒక జాగ్రత్త: ఆ గమ్ము సైనోఅక్రిలేట్. ఒలికినప్పుడు దూదితోనో నూలు గుడ్డతోనో తుడవకండి. దూదికి తగిలితే అది ఒక్కసారిగా వేడెక్కి చర్మం కాలుతుంది.

పనిముట్ల శుభ్రం

నీలిరంగు వెలుగు పెట్టె చూపించి "స్టెరిలైజ్ చేశాం అక్కా" అంటారు. ఆ పెట్టె పనిముట్లు దాచుకోవడానికి పనికొస్తుంది, వెలుగు పడని మడతల్లో క్రిములు అలాగే ఉంటాయి. నిజమైన స్టెరిలైజేషన్ ఆటోక్లేవ్‌లో, 121 డిగ్రీల ఆవిరిలో 15 నిమిషాలు. అది లేనిచోట కనీసం సబ్బుతో కడిగి, 70 శాతం ఆల్కహాల్‌లో తుడవాలి. రక్తం అంటిన నిప్పర్‌కు మాత్రం అది చాలదు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట వారం రోజులైనా బతుకుతుంది. ఫైలు, బఫర్, చెక్కపుల్ల గరుకు వస్తువులు, ఎంత కడిగినా శుభ్రం కావు. అందుకే సొంత కిట్టు పట్టుకెళ్లడం నామోషీ కాదు: ఒక గాజు ఫైలు, ఒక బఫర్, రెండు చెక్కపుల్లలు, ఒక కట్టర్. చిన్న డబ్బాలో ఇమిడిపోతాయి.

కట్టర్ కొనేటప్పుడు దాని నోరు మూసి వెలుతురుకు ఎత్తి చూడండి. రెండు పళ్ల మధ్య సందులోంచి వెలుగు కనబడితే అది కోయదు, నలుపుతుంది. గోరును ఒక్క నొక్కుతో కాక మూడు చిన్న కొరుకుల్లో తీయాలి. స్నానం చేశాక మెత్తబడి ఉంటుంది, కట్టర్‌కు అదే మంచి వేళ. ఫైలుకు మాత్రం ఆరేదాకా ఆగాలి.

ఇంటి వైద్యాల్లో కొబ్బరినూనెకు పూర్తి మార్కులు. రాత్రి పడుకునే ముందు ఒక్కో గోటి మొదట్లో ఒక్క చుక్క. గోరు పెరుగుదలను పెంచదు, కానీ పొరలు విడిపోకుండా సాగుదల ఇస్తుంది. గోరు కొస పొరలుగా రాలడానికి పెద్ద కారణం రోజుకు పదిసార్లు తడవడం, ఆరడం. తొడుగు వేసుకుని అంట్లు తోమితే ఏ హార్డెనర్ సీసా అక్కర్లేదు. ఫార్మాల్డిహైడ్ ఉన్న హార్డెనర్లు మొదట గట్టిపరచి, తర్వాత పెళుసు చేసి విరిచేస్తాయి. గోళ్ల బలానికని బయోటిన్ మాత్రలు వాడుతుంటే థైరాయిడ్, గుండె రక్తపరీక్షలకు ముందు డాక్టరుకు చెప్పాలి, ఫలితాలు తప్పు చూపించగలవు. ఒకే గోటి మీద మొదలు నుంచి కొస దాకా కొత్తగా నల్లగీత కనిపించినా, పిప్పిగోరు నెలల తరబడి తగ్గకపోయినా పార్లర్ పని కాదు, ఎంకేసీజీ ఆసుపత్రిలో చర్మ డాక్టరుకు చూపించాలి.

జూన్ మధ్యలో ఒడియా వాళ్ల రజ పండగ, దాని వెనకే మన ఆషాఢం గోరింటాకు. ఆ రోజుల్లో పార్లర్లు కిటకిటలాడతాయి, పని తొందరలో అయిపోతుంది. జెల్ వేయించుకోవాలంటే వారం ముందు వెళ్లండి. గోరింటాకు రంగు గోటి కెరటిన్‌లోనే కలిసిపోతుంది కాబట్టి ఏ రిమూవరూ దాన్ని తీయలేదు, గోరు పెరిగి కత్తిరించుకుంటూ పోవాల్సిందే. లేత జెల్ ఇష్టపడేవాళ్లు ఆ ఏడాది గోళ్లను వదిలి అరచేతులకే పెట్టుకోవచ్చు. ఆపరేషనో కాన్పో దగ్గరలో ఉంటే జెల్ జోలికి పోవద్దు. ఆక్సిజన్ చూసే క్లిప్పు వేలికి పెట్టినప్పుడు ముదురు నీలం, నలుపు, ఆకుపచ్చ రంగులు లెక్క తప్పించవచ్చు, అర్ధరాత్రి ఆసుపత్రిలో రేకులు చుట్టి అరగంట కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. తప్పదనుకుంటే ఒక్కో చేతికి ఒక వేలైనా ఉత్తగా వదిలేయమని చెప్పండి.